"వర్ణం అంటే రంగా, కులమా మేడమ్?": ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి కేసు

2023 జూలై మూడో వారంలో ఒక క్లాస్ టీచర్ నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిన చీటీలో మూడే ముక్కలున్నాయి. "శుభ్రత గురించి చెప్పాలి. క్లాసులో అనవసరమైన ప్రశ్నలు అడుగుతోంది. స్కూలు తెరిచినప్పటి నుంచి డల్‌గా ఉంటోంది."

నేను విశాఖలో ఒక ప్రైవేటు స్కూల్లో కౌన్సెలర్‌ని. వారానికి మూడు రోజులు వెళ్తాను. ఈ కేసు గురించి రాయడానికి ఆ అమ్మాయీ, వాళ్ళమ్మా ఒప్పుకున్నారు. పేరు, ఇంకొన్ని వివరాలు మార్చాను. ఇక్కడ తనని నూకరత్నం అంటాను. అసలు పేరు కూడా ఇలాగే అమ్మవారి పేరుతో కలిసినదే. ఆ సంగతి ఈ కేసులో ముఖ్యం కాబట్టి మార్పు కూడా దానికి దగ్గరగానే చేశాను.

ఇల్లు, వేట, ఫీజు

ఎంవీపీ కాలనీ దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే జాలరిపేటల్లో వాళ్ళ ఇల్లు. తండ్రి మరబోటు మీద కలాసీ. బోటు సముద్రంలోకి వెళ్తే పది, పన్నెండు రోజులకు గానీ రాదు. వచ్చాక చేప అమ్మి, డీజిలు, ఐసు ఖర్చులు పోను మిగిలిన దాంట్లో వాటా. తల్లి తెల్లవారుజామున నాలుగింటికి ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాటలో కవళ్ళో, కానాగంతలో పట్టుకుని, షేర్ ఆటోలో తెచ్చి, కాలనీలో ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. రత్నం అయిదింటికి లేచి కత్తిపీట ముందు కూర్చుంటుంది. చేప శుభ్రం చేసి ఇస్తే కేజీకి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి.

ఆరో తరగతిలో ఒక దాత సాయంతో ఈ స్కూల్లో సీటు వచ్చింది. సగం ఫీజు దాత కడతారు, సగం ఇంటివాళ్ళు కట్టుకోవాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం అవసరమే. కానీ స్కూలు తెరిచేది జూన్ రెండో వారంలో. మొదటి టర్మ్ ఫీజు కట్టాల్సింది కూడా అప్పుడే. అంటే రెండు నెలలుగా బోటు కదలని ఇంట్లోంచి సరిగ్గా ఆ వారంలోనే డబ్బు రావాలి. ఆ జూన్‌లో ఫీజు బాకీ ఉన్నవాళ్ళ పేర్లు క్లాసులో చదివారు. రత్నం పేరు పూర్తిగా, నూకరత్నం అని చదివారట. వెనక బెంచీలోంచి ఎవరో "నూకలు కేజీ ఎంత?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఈ సంగతి నాకు సెప్టెంబరులో గానీ తెలియలేదు.

మొదటి రెండు వారాలు

మొదటి రెండు సెషన్లూ నేను తప్పుదారిలో వెళ్ళాను. చీటీలో రాసిన ప్రకారమే మొదలుపెట్టాను. శుభ్రత గురించి మెల్లగా చెప్పాను. ఆత్మవిశ్వాసం పెంచే ఎక్సర్‌సైజులు ఇచ్చాను. "ఎవరేమన్నా పట్టించుకోకు" అన్నాను. ఆ పిల్ల తలూపింది. "సరే మేడమ్, సరే మేడమ్" తప్ప ఇంకో మాట లేదు. నోట్స్‌లో "సహకరిస్తోంది" అని రాసుకున్నాను. ఇప్పుడు ఆ మాట చదువుతుంటే బాధగా ఉంటుంది.

మూడో సెషన్‌లో పెన్ను అందిస్తున్నప్పుడు తన చేతులు చూశాను. గోళ్ళ చుట్టూ చర్మం తెల్లగా పొట్టు లేచిపోయి ఉంది. బొటనవేలి పక్కన పగిలి, సన్నగా నెత్తురు చార. అరచేతులు ముడతలు పడి అరవై ఏళ్ళ మనిషి చేతుల్లా ఉన్నాయి. ఏమైందని అడిగితే చేతులు బల్ల కిందికి లాగేసుకుంది. చాలాసేపటికి చెప్పింది. రోజూ స్కూలుకు బయల్దేరే ముందు నిమ్మచెక్క, బట్టల సబ్బు పొడి కలిపి పావుగంట రుద్దుకుంటుందట. ఇంటర్వెల్‌లో బాత్రూములో మళ్ళీ ఒకసారి. బ్యాగ్ చిన్న జేబులో ప్లాస్టిక్ కవరులో సగం నిమ్మకాయ ఉంటుంది. తీసి చూపించింది. ఎండిపోయి, అంచులు నల్లబడి ఉంది.

శుభ్రత నేర్పమని నా దగ్గరికి పంపిన పిల్ల, ఆ బడిలో అందరికంటే ఎక్కువగా చేతులు కడుక్కుంటున్న పిల్ల.

ఆ రోజు ఇంకేం సలహాలు ఇవ్వలేదు. చేప వాసన ఎలా వస్తుందో మాత్రం చెప్పాను. చేప చచ్చాక దాని కండలో ట్రైమిథైలమీన్ అనే పదార్థం తయారవుతుంది. అది క్షారగుణం ఉన్నది. నిమ్మలోని ఆమ్లం దానితో కలిస్తే ఆవిరి కాని లవణంగా మారిపోతుంది, అందుకే వాసన తగ్గుతుంది. తనకి సైన్స్ అంటే ఇష్టం. శ్రద్ధగా విని, "అయితే ఒక్కసారి రుద్దితే చాలు కదా మేడమ్, మరి నాకెందుకు పోలేదనిపిస్తుంది?" అంది. అసలు కేసు ఆ ప్రశ్నతో మొదలైంది. ముందుగా చర్మం డాక్టరుకు చూపించాం. సబ్బు పొడి ఆపించి ఆయింట్‌మెంట్ ఇచ్చారు.

ఆ "అనవసరమైన" ప్రశ్న

అప్పటి ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పౌరశాస్త్రంలో రాజ్యాంగ నిర్మాణం పాఠం దక్షిణాఫ్రికాతో మొదలయ్యేది. నెల్సన్ మండేలా మీద విచారణ, అక్కడి తెల్లవాళ్ళ ప్రభుత్వం నడిపిన అపార్థీడ్. రైళ్ళు, బస్సులు, ఆసుపత్రులు, బడులు, సినిమా హాళ్ళు, చివరికి బీచ్‌లు కూడా తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరువేరుగా ఉండేవని అందులో రాశారు. రత్నం అపార్థీడ్‌ను తెలుగులో ఏమంటారని తెలుగు టీచర్‌ని అడిగింది. "వర్ణవివక్ష" అన్నారు. మర్నాడు సోషల్ క్లాసులో లేచి నిలబడి, "వర్ణం అంటే రంగా, కులమా మేడమ్? మన బీచ్‌లో కూడా ఇలా ఉందా?" అని అడిగింది. "ఇక్కడ అలాంటివేం లేవు, కూర్చో" అన్నారట. కూర్చుంది. మళ్ళీ ఏ క్లాసులోనూ చెయ్యెత్తలేదు.

నేను చాలామంది పిల్లల్ని చూశాను గానీ, ఒక్క తెలుగు మాటని ఇంత సూటిగా పట్టుకున్న పిల్లని చూడలేదు. వర్ణం అంటే రంగు, నిజమే. చాతుర్వర్ణంలో వర్ణం కూడా అదే మాట. వేరే దేశపు అన్యాయానికి మనం పెట్టుకున్న పేరులోనే మన సొంత సంగతి దాగి ఉంది. దాన్ని పద్నాలుగేళ్ళ పిల్ల చూసింది.

నాలుగో సెషన్‌కి సోషల్ నోట్‌బుక్ తెచ్చింది. చివరి పేజీలో నిలువుగా గీత కొట్టి ఎడమ పక్క "అక్కడ", కుడి పక్క "ఇక్కడ" అని రాసింది. ఎడమ పక్క బస్సు, బీచ్, బడి, బోర్డు. కుడి పక్క ఉన్నవి తన అక్షరాల్లోనే ఇస్తున్నాను:

"బోర్డు లేదు. లిఫ్ట్‌లో గంపతో ఎక్కొద్దని వాచ్‌మన్ చెప్తాడు. అమ్మ నాలుగు అంతస్తులు మెట్లెక్కుతుంది. యాన్యువల్ డేలో నేను, భారతి వెనక వరుస. భారతి నాకంటే బాగా ఆడుతుంది, నాకంటే నలుపు. 'ఏటి' అంటే నవ్వుతారు. 'ఏంటి' అంటే నవ్వరు. పేరు. వాసన."

ఆ లిఫ్ట్ లైను దగ్గర నేను ఆగిపోయాను. నేను పెరిగింది ఎంవీపీ కాలనీలోనే. మా అమ్మ ఇలాంటి అక్కల దగ్గరే చేపలు కొనేది, డబ్బులు చేతికివ్వకుండా గంపలో పడేసేది. నాకది చిన్నప్పుడు వింతగా అనిపించలేదు. కౌన్సెలింగ్ గదిలో రెండు కుర్చీలుంటాయి. రెండో కుర్చీలో కూర్చున్న మనిషి కూడా ఒక ఊళ్ళోంచి, ఒక ఇంట్లోంచే వచ్చి ఉంటుంది. దీని గురించి నా సూపర్‌వైజర్‌తో విడిగా మాట్లాడాను. అలా మాట్లాడకపోతే, ఎప్పుడో ఒకప్పుడు "మీరు అతిగా ఆలోచిస్తున్నారు" అనే మాట నా నోట్లోంచి కూడా వచ్చేదేమో.

నా అంచనా

టీచర్లు అడిగినది ఆత్మన్యూనత అని తేల్చమని. నా అంచనా వేరు. ఆ పిల్ల చూస్తున్నది నిజం. అది చెప్పుకోవడానికి తనకి మాటలు లేవు, విని "అవును" అనే పెద్ద మనిషి లేరు. అందువల్ల ఆ నిజమంతా తన ఒంటి మీదికే తిరిగింది. చేతులు రుద్దుకోవడం అలా మొదలైంది.

అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వవేత్తలు 1940ల్లో చిన్నపిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి ఏది మంచిదో అడిగారు. చాలామంది నల్లపిల్లలు తెల్లబొమ్మే మంచిదన్నారు. వేర్వేరు బడులు చెల్లవని 1954లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. అమెరికా మనస్తత్వవేత్త విలియం క్రాస్ 1971లో ఇంకో సంగతి చెప్పారు. తన జాతి గురించి అంతగా ఆలోచించని మనిషికి ఏదో ఒక సంఘటన గట్టిగా తగులుతుంది, ఆ తర్వాత లోకమంతా ఆ కంటితోనే కనిపిస్తుంది, కోపం వస్తుంది, తనవాళ్ళలోకి మునిగిపోవాలనిపిస్తుంది, చాలాకాలానికి గానీ కుదుటపడదు. ఇది నల్లజాతి అమెరికన్ల అనుభవం మీద కట్టిన నమూనా. దాన్ని ఎత్తుకొచ్చి జాలరిపేట మీద బోర్లించడం సరికాదు. కానీ ఫీజు బాకీ పేర్లు చదివిన రోజు, సోషల్ క్లాసులో కూర్చోమన్న రోజు, ఈ రెండూ రత్నానికి అలా తగిలాయని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

ముడులు విప్పడం

తర్వాతి మూడు సెషన్లలో మేం చేసింది ఒకటే, ఆ పేజీలో కలిసిపోయి ఉన్నవాటిని విడదీయడం. దక్షిణాఫ్రికాలో చట్టమే పెట్టి బీచ్‌లు విడగొట్టారు, 1953లో వచ్చిన ఆ చట్టం 1990లో రద్దయింది. ఇక్కడ చట్టం ఇంకో వైపు ఉంది. దుకాణాలు, హోటళ్ళు, బావులు, రోడ్ల దగ్గర ఎవరినీ కులం, జాతి, మతం పేరుతో అడ్డుకోకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్తుంది. అంటరానితనాన్ని 17వ అధికరణం రద్దు చేసింది. "మరి లిఫ్ట్?" అంది. లిఫ్ట్‌లో గంప వద్దనడం కులమా, డబ్బా, వాసనా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "మూడూ. కానీ వాచ్‌మన్‌ని అడిగితే వాసనే అంటాడు" అంది. జాలర్లు మన రాష్ట్రంలో బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. దళితులు పడ్డ అంటరానితనం, జాలర్లు పడే చిన్నచూపు ఒకటి కావు. పేదరికం ఇంకొకటి. ఒంటి రంగు మరొకటి. భారతి వాళ్ళది డబ్బున్న ఇల్లే, అయినా వెనక వరుసే. ఇవన్నీ ఒకే తాడు అనుకుంటే ఎక్కడ లాగాలో తెలియదు.

తనకు ముందు ఈ ప్రశ్న అడిగినవాళ్ళ గురించి కూడా చెప్పాను. 1873లో జ్యోతిబా ఫూలే తన పుస్తకాన్ని అమెరికాలో బానిసత్వం రద్దుకు పాటుపడినవాళ్ళకు అంకితం ఇచ్చారు. చిన్ననాటి అంబేద్కర్ బడికి తన గోనెపట్టా తనే తెచ్చుకుని కూర్చునేవారు. ఆయనే 1946లో అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. అక్కడివాళ్ళూ ఇక్కడివాళ్ళూ ఒకరి సంగతి ఒకరు వందేళ్ళకు పైగా వింటూనే ఉన్నారు. రత్నానికి వీటన్నిటికంటే నచ్చింది మాత్రం ఇంకోటి. 1860 నుంచి మన తీరం జిల్లాల తెలుగువాళ్ళు కూలికి ఓడలెక్కి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న నటాల్ వైపు వెళ్ళారని చెప్పగానే వెంటనే, "అయితే బీచ్‌లో వాళ్ళు ఏ బోర్డు వైపు నిలబడ్డారు మేడమ్?" అంది. ఇండియన్లకు వేరే చోటు ఉండేదని చెప్పాను. తెల్లవాళ్ళ వైపు కాదు. నోట్‌బుక్‌లో రాసుకుంది.

అమ్మ

వాళ్ళమ్మ సెప్టెంబరులో వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, కొంగు రెండు చేతుల చుట్టూ చుట్టుకున్నారు.

"మా గుంట ఏటి తప్పు సేసిందమ్మా?"

"ఏ తప్పూ చెయ్యలేదమ్మా. మీతో మాట్లాడదామనే పిలిచాను."

కాసేపటికి తనే చెప్పారు. స్కూలు గేటు దగ్గరికి రావద్దని రత్నం ఎనిమిదో తరగతి చివర్లోనే చెప్పిందట. ఆ రోజు నుంచి ఆవిడ వీధి చివర మెడికల్ షాపు దగ్గర నిలబడుతున్నారు. "నాకు తెలుసమ్మా. నా ముందు నవ్వితే అది తట్టుకోలేదు. అందుకే నానే దూరంగా నిలబడతాను. ఇంట్లో ఆ నిమ్మసెక్క సూసినప్పుడే కడుపు తరుక్కుపోయింది. ఏటి సెప్పాలో తెలవక ఊరుకున్నాను."

ఈ మాటలు రత్నానికి నేను చెప్పలేదు. ఆవిడనే చెప్పమన్నాను. చెప్పారో లేదో నేను అడగలేదు. కానీ రెండు వారాల తర్వాత రత్నం సెషన్‌కి వచ్చి ఏమీ మాట్లాడకుండా ఏడ్చింది. అమ్మని చూసి సిగ్గుపడ్డాననే సిగ్గు, నవ్విన పిల్లల మీది కోపం కంటే బరువుగా ఉందని చెప్పింది. ఇలాంటి పిల్లల్ని చూసే ప్రతి కౌన్సెలర్‌కీ ఇక్కడ ఒక మాట చెప్పాలి. కులం గురించి, వర్గం గురించి పుస్తకాల్లో ఉన్నదంతా చెప్పేసి ఈ సిగ్గుని వదిలేస్తే పని సగంలో ఆగిపోయినట్టే.

మూడో గడి

నవంబరులో ఒక ఆదివారం ఆర్కే బీచ్‌లో ఆఫ్రికా నుంచి వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో చదువుతున్న కుర్రాళ్ళు ఇద్దరు ముంత మసాలా తింటుంటే, చుట్టూ చేరి అడక్కుండా ఫోటోలు తీశారట. అక్కడున్న గుంపులో రత్నం, వాళ్ళ పిన్ని పిల్లలు కూడా ఉన్నారు. అందరితో పాటు తనూ నవ్వింది. ఇంటికి వచ్చాక ఒళ్ళు జలదరించిందని చెప్పింది. ఆ తర్వాత చాలాసేపు ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చుని, "మా ఇంట్లో ఒక గ్లాసు కూడా ఉంది మేడమ్" అంది.

పేటలో చెత్త తీయడానికి వచ్చే ఆవిడకి మామ్మ మంచినీళ్ళిచ్చే స్టీలు గ్లాసు. నీళ్ళ బిందె పక్కన ఉండదు, బయట గూట్లో విడిగా బోర్లించి ఉంటుంది. రత్నం పుట్టినప్పటి నుంచి అది అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని చూస్తూనే ఉంది గానీ కళ్ళకు ఆనలేదు. నోట్‌బుక్ చివరి పేజీలో రెండో గీత కొట్టి మూడో గడి చేసింది. దాని మీద "మేం" అని రాసి, కింద "గ్లాసు" అని రాసింది.

మర్నాడు ఇంట్లోవాళ్ళు తాగే గ్లాసుతోనే ఆవిడకి నీళ్ళిచ్చింది. మామ్మ తిట్టింది, అది ఊహించినదే. ఊహించనిదేమిటంటే, ఆ చెత్త తీసే ఆవిడే వద్దంది. "వద్దమ్మా, నా గ్లాసు నాకియ్యి. రేపు మీ మామ్మ నన్నే అంటాది." రత్నం ఆ గూట్లో గ్లాసులోనే ఇవ్వాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పి, "ఇప్పుడేం చెయ్యాలి మేడమ్?" అంది. నా దగ్గర సిద్ధంగా సమాధానం లేదు. మామ్మతోనే మాట్లాడమన్నాను, తప్పు పట్టడానికి కాదు, ఆ గ్లాసు ఎప్పటి నుంచి ఉందో అడగడానికి. వాళ్ళిద్దరి మధ్య ఆ మాట ఇంకా నడుస్తోంది.

స్కూల్లో

పిల్లని మార్చి బడిని అలాగే ఉంచితే కౌన్సెలింగ్ కూడా ఇంకో నిమ్మచెక్కే అవుతుంది. అందుకే అక్టోబరులో ప్రిన్సిపల్‌తో మాట్లాడాను. ఫీజు పేర్లు క్లాసులో చదవడం ఆ వారమే ఆపేశారు, దీనికి పెద్ద చర్చ కూడా అవసరం రాలేదు. యాన్యువల్ డే దగ్గర మాత్రం గట్టిగా నడిచింది. స్టేజి మీద లైట్లకు తగ్గట్టు నిలబెడతామని డాన్స్ మాస్టారు అన్నారు. ఏ పిల్ల అడుగు బాగా పడుతుందో చూసి వరుస పెట్టమని అడిగాను. భారతి మొదటి వరుసకు వచ్చింది. రత్నం రెండో వరుసలో ఉంది. తన అడుగులు నిజంగానే రెండో వరుసవే, ఆ మాట తనే నాకు చెప్పింది.

స్టాఫ్‌రూమ్‌లో ఒక సీనియర్ టీచర్, "పిల్లల బుర్రల్లో లేనిపోనివి పెడుతున్నారు" అన్నారు. ఆవిడ మంచి టీచర్, పిల్లలంటే ప్రాణం. ఆవిడకి ఆ నోట్‌బుక్ పేజీ రత్నం అనుమతితో చూపించాను. చదివి ఏమీ అనలేదు. వారం తర్వాత ఆవిడ క్లాసులో "ఏటి" అన్న పిల్లని చూసి ఎవరో నవ్వితే, "మా అమ్మ కూడా ఏటి అనే అంటుంది, మాది నర్సీపట్నం" అన్నారని రత్నమే చెప్పింది.

కుదరనివి కూడా ఉన్నాయి. రత్నం దగ్గరి స్నేహితురాలి పుట్టినరోజుకి క్లాసులో పదిమందిని పిలిచారు, రత్నాన్ని పిలవలేదు. ఆ ఇంటివాళ్ళతో నేను మాట్లాడలేను, అది నా పరిధి కాదు. ఆ స్నేహం అక్కడితో పల్చబడింది. రత్నం ఇప్పుడు భారతితో కూర్చుంటోంది.

ఇప్పటికి

మొత్తం పదమూడు సెషన్లు. చేతుల చర్మం బాగైంది. నిమ్మకాయ ఇంకా బ్యాగ్‌లోనే ఉంది గానీ, వారానికోసారి వాడుతోంది. దాన్ని నేను పారేయించలేదు. నోట్‌బుక్కుల మీద ఇంతకుముందు "రత్న" అని రాసుకునేది, ఫిబ్రవరి నుంచి పూర్తి పేరు రాస్తోంది. సోషల్‌లో చెయ్యెత్తుతోంది. లెక్కల మార్కులు పడిపోయినవి ఇంకా లేవలేదు.

ఫిబ్రవరి పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ళమ్మ గేటు దాకా వచ్చారు. కొత్త చీర, చేతిలో గంప లేదు. రత్నం ఎదురెళ్ళి, కారిడార్ సగంలో ఆగింది. ఒక్క క్షణం వెనక్కి తిరిగి క్లాసు కిటికీల వైపు చూసింది. తర్వాత నడుచుకుంటూ వెళ్ళి అమ్మ చేతిలోని సంచి తీసుకుంది.

మొదటి టర్మ్ ఫీజు గడువు వేట ఇళ్ళ పిల్లలకు జూలై చివరి దాకా పొడిగించమని మార్చిలో మేనేజ్‌మెంట్‌కి లెటర్ పెట్టాను. స్కూల్లో అలాంటి పిల్లలు రత్నంతో కలిపి ఏడుగురు. జవాబు ఇంకా రాలేదు. ఏప్రిల్ 15న బోట్లు ఒడ్డెక్కుతాయి. జూన్‌లో రత్నం పదో తరగతిలోకి వెళ్తుంది.